చెంబు ఏమంటా ఉండాది?

ఆయన్ని తీసుకుపోయే రోజు వాకిట్లో కొట్టిన జేగంటకు పగులుంది. కంటికి కనిపించే పగులు కాదు. శంఖం ఊదే మనిషి ఒక చేత్తో దాన్ని తాడుపట్టి వేలాడదీసి, రెండో చేత్తో కర్ర పుచ్చుకుని కొడుతుంటే, సాగి సాగి వీధి చివరిదాకా పోవాల్సిన మోత అక్కడికక్కడే చచ్చిపోతోంది. సౌకార్‌పేటలో కంచూ ఇత్తడీ అమ్మేవాళ్లు సగంమంది ఆ వాకిట్లోనే ఉన్నారు. ఒక్కరి మొహంలోనూ మార్పు లేదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. బతికినంతకాలం కంచుతో బతికిన మనిషికి పోయేటప్పుడు పగిలిన కంచా? ఆయనే గనక వింటే పాడె మీంచి లేచొచ్చి, ఆ కర్ర లాక్కుని, "ముందు ఇది ఏమంటా ఉండాదో వినవయ్యా!" అని ఆ శంఖం మనిషిని కడిగేసేవాడు.

ఆ మాట ఆయన నోట్లో ఎప్పుడూ ఉండేది. ఏ పాత్ర చేతికొచ్చినా అంచు కింద మూడు వేళ్లు పెట్టి గాల్లో నిలబెట్టేవాడు. కుడిచేతి నడిమి వేలి కణుపుతో ఒక్కటి కొట్టేవాడు. తల ఎడమవైపుకి వాల్చి, కళ్లు మూసుకుని, మోత పూర్తిగా ఆరిపోయేదాకా ఊపిరి కూడా తీయకుండా వినేవాడు. బయట రిక్షాల గంటలు, కూలీల అరుపులు, ఎదురంగడి రేడియో, ఇన్నింటి మధ్య. అప్పుడు కళ్లు తెరిచి, "ఇది బాగుండానంటా ఉండాది" అనో, "దీని కడుపులో వెంట్రుకంత గాటు ఉండాది, తిప్పి పంపించు" అనో చెప్పేవాడు. ఆ చెవి చెప్పిందే బజారులో చెల్లేది. తక్కిన అంగళ్లవాళ్లు కూడా అనుమానం వస్తే పాత్ర పట్టుకుని ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ కణుపు మీద చర్మం కాయకట్టి నల్లగా మెరిసేది. దాంతో పుచ్చకాయలు కొట్టేవాడు, గోడలు కొట్టేవాడు, మొదటిసారి చూసినప్పుడు నా తలమీదా కొట్టి, "లోపల సరుకుండాది" అన్నాడు.

నేనాయనకు చుట్టాన్ని కాను. మాది అదే ఊళ్లో పురసవాక్కం, మా నాన్న ఆయన దగ్గర పెళ్లి సామాను కొన్న పరిచయం. నేను మామా అన్నాను, ఆయన పాపా అన్నాడు, ఆయన భార్య నాకు అత్త అయింది, అంతే. అయితే మా స్నేహం కుదిరింది అంగట్లో కాదు. కాలేజీలో ఎన్‌సీసీలో తుపాకి పట్టిన సరదా వదులుకోలేక, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేరాక కూడా నేను ఆదివారం పొద్దున్నే రైఫిల్ క్లబ్బుకు పోయేదాన్ని. ఆడపిల్లకి తుపాకేమిటని మా పెద్దమ్మ నెత్తీ నోరూ కొట్టుకునేది. అక్కడ చూస్తే ఈ కంచు మామ, పంచె ఎగ్గట్టి, చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో నిలబడి పిస్తోలు ఎత్తి గురి చూస్తున్నాడు.

మా క్లబ్బు మైదానం ఊరి బయట, మనలికి పోయే దారిలో, పాడుబడ్డ ఉప్పు గోదాముల వెనక ఉండేది. గుళ్లు దిగబడేందుకు ఎత్తయిన మట్టికట్ట. ఆ కట్ట వెనక దూరంగా నూనె శుద్ధిచేసే కర్మాగారం గొట్టం, దాని కొసన పట్టపగలు కూడా ఆరని మంట. గాలి ఇటు తిరిగితే గొంతులో మసి దిగినట్టుండేది. గురి చూసేటప్పుడు అట్ట మీది నల్లచుక్క పైన ఆ మంట ఆడుతూ కనపడేది. నాకు ఆ చోటు ఎన్నడూ నచ్చలేదు. ఆయనకు మాత్రం గుడికొచ్చినంత హాయి.

ఆ పిస్తోలు పాయింట్ టూ-టూ, సీమది. గుండు పల్లీగింజంత, కానీ దగ్గర నిలబడితే చెవిలో సూది దించినట్టుండే చప్పుడు. దాన్ని ఆయన పాత జరీ పంచెలో చుట్టి తెచ్చేవాడు. ఆయుధపూజనాడు పెట్టిన కుంకుమబొట్టు వెనకవైపు ఏడాది పొడుగునా ఉండేది. కొన్న పిస్తోలు కొన్నట్టు ఉంచుకుంటే ఆయన ఆయనే కాదు. దాని పిడి పీకేసి, పనస చెక్క తెచ్చుకుని, తన అరచేతికి సరిపోయేలా తానే చెక్కుకున్నాడు. వేలికో పల్లం, బొటనవేలికో గట్టు. అది ఇంకెవరి చేతికీ పట్టేది కాదు. గురిచూసే ముక్కు మెరవకుండా కర్పూరం వెలిగించి ఆ పొగమసి పట్టించేవాడు. గొట్టం కింద తన పోతపనివాళ్లతో కంచు దిమ్మ పోయించి బిగించాడు. ఆ దిమ్మ పడ్డాక పేలినప్పుడు పిస్తోలు ఎగరడం మానేసింది. "చూడు పాపా, కాలిస్తే కాల్చినట్టే తెలీదు. పసిబిడ్డ చేతిలో నిద్రపోతా ఉన్నట్టుండాది" అని మురిసిపోయాడు. ఆ రోజు నేనూ చేతిలోకి తీసుకుని చూసి భేష్ అన్నాను.

అన్నిటికంటే ఆయనకు పిచ్చి ట్రిగ్గర్ మీద. లోపల సుత్తిని పట్టి ఆపే చిన్న ఉక్కు పన్ను ఒకటుంటుంది. వేలు నొక్కితే ఆ పన్ను వదులుతుంది, సుత్తి పడుతుంది. ఆ పన్నును నూనెరాయి మీద ఎంత అరగదీస్తే ట్రిగ్గర్ అంత తేలికవుతుంది. తెలిసినవాళ్లు దాన్ని బరువు వేలాడదీసి కొలుచుకుంటారు. మా మైదానంలో కాల్పులు జరిపించే రేంజి ఆఫీసరు, మిలిటరీలో పనిచేసి రిటైరైన తమిళాయన, పోటీలకు ముందు అందరి ట్రిగ్గర్లకూ అలా తూకపురాయి తగిలించి చూసేవాడు, మామూలు ఆదివారాల్లో చూసేవాడు కాడు. మామ తూకపురాయిని నమ్మలేదు. ఖాళీ పిస్తోలును చెవి దగ్గర పెట్టుకుని, నొక్కి, ఆ "టిక్" విని, మళ్లీ రాయి మీద రుద్దేవాడు. పాత్రను విన్నట్టే. "రాయికేం తెలుసు? మాట సన్నంగా, పదునుగా రావాల. అప్పుడు నిలిపేయాల" అనేవాడు.

మరి ఆ చెవులకు కాపు ఏమిటంటే, దీపం వత్తులు. అత్త పూజకని చేసుకుని డబ్బాలో దాచుకున్న వత్తులు తీసి, కొబ్బరినూనెలో ముంచి, పిండి, చెవుల్లో దోపుకునేవాడు. రేంజి ఆఫీసరు మొత్తుకునేవాడు, "పంజు పత్తాదు సార్, పత్తాదు" అని. దూది చాలదయ్యా, చెవులు పోతాయయ్యా అని ఆయన గోల. చివరికి ఆ పోరు పడలేక మామ బర్మా బజారులో చెవులకు పెట్టుకునే డొప్పలు కొన్నాడు. కొబ్బరిచిప్పలంత ఎర్ర డొప్పలు, వాటిని కలుపుతూ నెత్తిమీదుగా ఉక్కు బద్ద. ఒక్క పూట పెట్టుకుని తీసేసి నా చేతిలో పెట్టాడు.

"నాకు తుపాకి మాట వినపడలా పాపా. గుడి తలుపులేసి లోపల పూజ చేసినట్టుండాది. నువ్వు పెట్టుకో. నీకు చెవులే గదా కూడు పెట్టేది."

"మీకు మాత్రం ముక్కా మామా కూడు పెట్టేది?" అన్నాను.

"నా చెవి వేరే. పుట్టినకాడ్నించీ కంచు తిన్న చెవి. దానికేమీ కాదు, మాట్లాడకుండా సుమ్మా పెట్టుకో."

పెట్టుకున్నాను. ఆ తర్వాత ఒక్కరోజు నేను మర్చిపోయి వస్తే తన పిస్తోలు పంచెలోంచి తీయకుండా కూర్చున్నాడు, నన్నింటికి పొమ్మని. నాకు ఎక్స్ఛేంజిలో ఈనాటికీ గుసగుసగా మాట్లాడినా వినపడుతుందంటే అది ఆయన పెట్టిన భిక్షే.

కాల్చడం అయ్యాక ఆయన మట్టికట్టకు ఎదురుగా బల్ల మీద కూర్చుని, తెచ్చుకున్న కంచు చెంబులో నీళ్లు తాగుతూ కళ్లు మూసుకునేవాడు. ఒకరోజు అడిగాను ఏం వింటున్నారని. "చెవిలో మోగతా ఉండాది. కొయ్యిమని, సన్నగా. మంచి కంచు పాపా అది. లోపల ఎవురో కూచుని కొడతా ఉండారు" అన్నాడు. తుపాకి చప్పుడుకు చెవిలో మిగిలే ఆ గీ అనే మోత చెవి ఏడుపని మా రేంజి ఆఫీసరు మొదటిరోజే మాకందరికీ చెప్పాడు. లోకంలో ఇంకెవరైనా అయితే ఆ మోతకు భయపడి డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాళ్లు. ఈయన మాత్రం అది కంచు మోత గనక అమ్మవారి కటాక్షమనుకున్నాడు. మొదట్లో అది ఆదివారం మధ్యాహ్నానికి ఆరిపోయేదట. తర్వాత సోమవారం దాకా నిలిచేదట. ఆపైన ఆరడమే మానేసింది. ఆ సంగతి కూడా సంతోషంగానే చెప్పాడు.

చెవి పోతున్న మనిషిని నేను మొహం చూడకుండా పట్టేస్తాను, మా ఉద్యోగం అలాంటిది. ముందు గొంతు పెరుగుతుంది. తర్వాత అన్నిటికీ సరే సరే అనడం మొదలవుతుంది. ఒకరోజు నెల్లూరు నుంచి ఆయన అంగడికి ట్రంకాల్ వస్తే నేనే కలిపాను. అవతలివాళ్లు "బిందెలు ఎప్పుడు పంపిస్తారు?" అని అడిగితే ఈయన "సరే సరే, అట్నే కానీ" అని అరుస్తున్నాడు. వాళ్లు మళ్లీ అడిగారు. మళ్లీ "సరే సరే."

ఆ ఏడు ఆయుధపూజకు వాళ్లింటికి పోయాను. పాత్రల గుట్టలకీ, తక్కెడకీ, పిస్తోలుకీ ఒకేలా చందనం, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి హారతిచ్చారు. ప్రసాదం పెట్టే నెపంతో అత్త నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. నోరు విప్పకుండా ఒక గరిటె తీసి నేలమీద వదిలింది. ఖంగుమంది. అవతల గదిలో గడపకు ఆనుకుని కూర్చున్న మామ తల తిప్పలేదు.

"చూసినావా?" అంది. ఆమె కళ్లనిండా నీళ్లు. "పెళ్లివాళ్లు గంగాళం తిప్పి పంపించినారమ్మా, నీళ్లు కారతా ఉండాయని. ఈ అంగట్లోనించి పగిలిన కంచు పోవడం నేను కాపురానికొచ్చినాక చూళ్లేదు. ఆయన కొట్టి చూసే పంపించినాడు. ఆయన చెవిలో ఎప్పుడూ ఏదో మోగతా ఉండాదంట గదా, ఇంక ఏది కొట్టినా మోగినట్టే. బజారులో తెలిస్తే ఆయన ప్రాణం నిలవదు. అదట్టా పోనీ. పిలిస్తే పలకని మనిషి చేతిలో తుపాకి ఉండొచ్చునా పాపా? ఆదివారం వస్తా ఉండాదంటే ఆ పంచె మూట ఏడన్నా దాచేద్దామనిపిస్తా ఉండాది."

నేను ఊరుకునే రకం కాదు. ఆ వచ్చే ఆదివారమే రేంజికి పోయే బస్సులో పక్కన కూర్చుని, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, చెవి డాక్టరుకి చూపించుకోమన్నాను. చెవి బాగయ్యేదాకా పిస్తోలు ముట్టొద్దన్నాను. ఆయన మొహం కంచుకాగడాలా ఎర్రబడింది.

"నా చెవికి పరీక్షా? సౌకార్‌పేటంతా నా చెవికాడికి పరీక్షకొస్తా ఉంటే, నా చెవికి పరీక్షా? ఎవురు చెప్పినారు నీకు? మీ అత్తా? గమ్మున ఉండు."

రేంజి ఆఫీసరుకూ చెప్పాను. ఆయన నిజమే, గమనిస్తున్నానన్నాడు. పోటీలు దగ్గరికొచ్చాయి, అప్పుడు ట్రిగ్గర్ తూకం వేసేటప్పుడు ఆయన్నీ నిలబెట్టి చూస్తానన్నాడు. మర్యాదస్థుడు, పెద్దమనిషిని అందరిముందూ ఎలా లేపడం అని వెనకాడాడు. నేను మాత్రం ఒకటి కనిపెట్టాను. ఆఫీసరు "లోడ్" అని అరిచినప్పుడు మామ ఆయన వైపు చూడడం లేదు. పక్కవాళ్ల చేతులు చూస్తున్నాడు. వాళ్ల చేతులు కదిలితే తన చేతులు కదిలిస్తున్నాడు.

ఆ మధ్యే ట్రిగ్గర్ మీద మళ్లీ పడ్డాడు. టిక్కుమన్న మాట మొద్దుగా వస్తోందట, పదును రావడం లేదట. నా ఎదురుగానే నొక్కి చూపించాడు. నాకు అది గోటితో గోరు మీటినంత సన్నగా, శుభ్రంగా వినపడింది. "బాగుంది మామా, ఇంక ముట్టుకోకండి" అన్నాను గట్టిగా. "బాగలేదు, నీకు తెలీదు. ఇంకొంచెం లాగాల" అని రాయి తీసుకున్నాడు. మాట మొద్దుబారింది పిస్తోలులో కాదు. అది ఆయనకెలా చెప్పాలో నాకు తెలియలేదు. నూనెరాయి మీద ఆ ఉక్కుపన్ను సర్ సర్ మని అరిగే చప్పుడు ఆయనకు వినపడేది కాదు, నాకు వినపడేది. ఈ పని మంచికి రాదని నా మనసు గోల పెడుతూనే ఉంది.

ఆ ఆదివారం గాలి మా వైపు తిరిగింది. గొట్టం మీది మంట వంగి, మసివాసన మైదానమంతా కమ్మింది. బల్లల వరసలో నా స్థలం ఆయన ఎడమ పక్కన. మా ఇద్దరి మధ్య బల్ల అంచున ఆయన కంచు చెంబు, దానికి కాస్త ముందు పందిరి గుంజ. ఆఫీసరు "లోడ్" అన్నాడు. మామ నా చేతులు చూసి, మ్యాగజైన్ తోశాడు. గొట్టం మట్టికట్ట వైపే ఉండాలి గానీ, పిడి సరిగా పట్టుకుందామని మణికట్టు తిప్పడంలో అది కొంచెం ఎడమకు వాలింది. గుండు లోపలికెక్కేలా, పిస్తోలు పైన వెనక్కి లాగి ఉన్న ఉక్కు పైతొడుగును వదిలాడు. అది ముందుకొచ్చి కొట్టుకుంది. ఆ దెబ్బకే, అరిగి అరిగి మిగిలిన ఆ ఉక్కుపన్ను జారిపోయింది. పిస్తోలు దానంతటదే పేలింది.

నా డొప్పల్లోంచి కూడా వినపడింది. గుంజ మీంచి చెక్కపేడు లేచి నా మోచేతికి తగిలింది. ఆఫీసరు "స్టాప్! స్టాప్!" అని అరుస్తున్నాడు. వరసలో అందరూ ఎక్కడివాళ్లక్కడ వంగిపోయారు.

మామ వంగలేదు. ఆయనకు తెలియలేదు. పైతొడుగు వచ్చి పడిందనుకున్నాడు, అంతే. చెవికి వినపడలేదు. చేతికి ఎగిరినట్టు తెలియకుండా ఆ కంచు దిమ్మ చేసింది. పేలిన పిస్తోలు తనంతట తానే ఇంకో గుండు లోపలికి లాక్కుని సిద్ధంగా ఉంది. ఆయన ప్రశాంతంగా చెయ్యి చాచి, ఎత్తి, ఎదురుగా అట్ట మీది నల్లచుక్కకు గురి చూస్తున్నాడు. పిలిస్తే పలకడు. భుజం మీద చెయ్యి వేద్దామా అంటే ఊపిరి తగిలినా పేలే ట్రిగ్గర్ అది. ఆఫీసరు అరవడం ఆపి, ఎవరూ కదలొద్దని చెయ్యి చూపించాడు. నాకు అత్త మొహం కళ్లముందు మెదిలింది. దేవుడా, ఈ మనిషిని క్షేమంగా ఇంటికి చేర్చు అని మొక్కుకున్నాను.

చెంబులో నీళ్లు బల్ల మీద పారి, ఆయన వట్టి కాళ్ల మీద కారాయి. ఆయన ఉలిక్కిపడలేదు, నయం. మెల్లగా చెయ్యి దించి, పిస్తోలు బల్ల మీద పెట్టి, కిందికి చూశాడు.

"నా చెంబు ఎవురు పడేసింది?" అన్నాడు చిరాగ్గా.

ఆఫీసరు ఒక్క అంగలో వచ్చి పిస్తోలు అందుకున్నాడు. మామకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. ఒరిగిపోయిన చెంబును తీసి, ఎప్పటిలాగే అంచు కింద మూడు వేళ్లు పెట్టి, కణుపుతో కొట్టాడు. తల వాల్చి కళ్లు మూసుకున్నాడు. మా అందరికీ మట్టిపెంకు మీద కొట్టినట్టు డొల్లగా వినపడింది.

"ఏం కాలేదు, బ్రహ్మాండంగా మోగతా ఉండాది" అన్నాడు, కళ్లు తెరుస్తూ.

అప్పుడు మా మొహాలు చూశాడు. వరసగా ఒక్కొక్కరివీ. తర్వాత చెంబును తిప్పాడు. ఒక పక్క చిన్న బెజ్జం, రెండో పక్క చిరిగిన పెద్ద బెజ్జం. పెద్దదాంట్లోకి లోపలినించి ఆ కాయకట్టిన వేలు పెట్టి, బయటికి పొడుచుకొచ్చిన వేలికొసను చూసుకున్నాడు. గుంజ వైపు చూశాడు, నా మోచేతి మీద నెత్తురు చూశాడు. మళ్లీ చెంబును పైకెత్తి కొట్టాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. నన్నే చూస్తున్నాడు.

"పాపా, చెంబు ఏమంటా ఉండాది?"

అన్నేళ్లలో ఆ మాట ఆయన మాకు వినిపించడానికే అనేవాడు. ఇప్పుడు మొదటిసారి జవాబు కోసం అడిగాడు. నేను డొప్పలు తీసేసి, ఆయనకు పెదాలు కనపడేలా ఎదురుగా నిలబడి, "ఏమీ అనడం లేదు మామా" అన్నాను. ఆయన తల ఊపాడు. ఆయన ముసలివాడైపోయింది ఆ క్షణంలోనే. ఏడ్చింది మాత్రం నేను.

ఆ తర్వాత ఆయన పిస్తోలు ముట్టలేదు. పోయిన చెవి ఇక రాదని డాక్టరు అన్నాడు. ఇక అంగట్లో అత్త కూడా వచ్చి ఆయన పక్కన చెక్క పలకమీద కూర్చోసాగింది. ఆయన పాత్ర కొట్టేవాడు, తల వాల్చేవాడు, ఆమె మొహం చూసేవాడు. ఆమె కనుబొమ ముడిపడితే "తిప్పి పంపించు" అనేవాడు. పెళ్లానికి యాపారం నేర్పిస్తున్నాడని బజారు అనుకుంది. బెజ్జాల చెంబును మాత్రం పారేయనివ్వలేదు, తక్కెడ పక్కనే పెట్టుకున్నాడు.

అందుకే ఆ రోజు వాకిట్లో పగిలిన జేగంట మోగుతుంటే నాకంత మంట. చెబుదామా, చావు ఇంట్లో ఇదేం గొడవంటారా అని నలుగుతున్నాను. ఇంతలో శవం తల దగ్గర కూర్చున్న అత్త మెల్లగా తలెత్తింది. కనుబొమ ముడిపడింది.

"ఆపండి" అంది. "అది పగిలిందయ్యా. లోపల మంచిది ఉండాది, తీసుకురాండి."

అంగట్లోంచి కొత్త జేగంట వచ్చింది. అత్త దాన్ని తాడుపట్టి వేలాడదీసింది, నడిమి వేలి కణుపుతో ఒక్కటి కొట్టింది. మామ ఎడమ చెవి దగ్గర పట్టుకుని, మోత పూర్తిగా ఆరిపోయేదాకా కదలలేదు. అప్పుడు ఆమె శంఖం మనిషి చేతికి దాన్నిచ్చి, "బాగుండానంటా ఉండాది, ఇంక లేపండి" అంది.